సగం బల్ల

"నువ్వు లేస్తావా, నన్ను లేపమంటావా?"

"లేపరా. చిన్నప్పుడు నిన్ను చంకనేసుకుని ఊరంతా తిరిగాను. ఇప్పుడు నీ వంతు."

పెద్దకోడలు ల్యాబ్ నుంచి అప్పుడే వచ్చింది. భుజాన సంచీ భుజానే ఉండగా, సగం దించిన గ్యారేజీ షట్టర్ కింద నడుం వంచి లోపలికి తొంగి చూసింది. పొద్దున తను వెళ్ళేటప్పుడు మాటల్లో ఉన్న తగువు ఇప్పుడు కుర్చీ వేసుకుని కూర్చుంది.

అత్తగారు ప్లాస్టిక్ కుర్చీని బల్లకి ఆనించుకుని, రెండు మోచేతులూ దాని మీద పెట్టి స్థిరపడింది. భర్త ఆవిడ ఎదురుగా చేతిలో స్పానర్ పట్టుకుని నిలబడ్డాడు.

బల్ల అనడమే గాని, అది సగం బల్ల. పొడుగాటి పనిబల్లని నడిమికి కోస్తే మిగిలిన ముక్క. ఒక పక్క రెండు కాళ్ళున్నాయి. కోసిన పక్క కాళ్ళు లేవు కాబట్టి గోడకి బిగించిన రెండు ఇనప బ్రాకెట్ల మీద ఇన్నేళ్ళూ నిలబడింది. ఇప్పుడు ఆ రెండింటిలో ఒకటి ఊడి నేల మీద పడి ఉంది. దాని చోట ఒక రంగు డబ్బా, డబ్బా మీద రెండు చెక్కముక్కలు.

"ఏమైంది?" అంది ఆమె.

"మీ అత్తగారు కాపురం పెట్టారు. సొరుగు తీసి చూడు," అన్నాడు భర్త.

తీసి చూసింది. ఏ మూత కనబడినా తీసి చూడాలనిపించే స్వభావం ఆమెది. ఉలులు, సీలలు ఉండాల్సిన సొరుగులో అత్తగారి మందుల డబ్బా, దువ్వెన, చిన్న రేడియో, కళ్ళజోడు పెట్టె సర్ది ఉన్నాయి. ఒక మూల మడతపెట్టిన చీర కూడా ఉంది.

"చీర ఎందుకత్తయ్యా?"

"ఎన్నాళ్ళు కూర్చోవాలో ఏమో. ముందుజాగ్రత్త."

నవ్వు ఆపుకోవడానికి పెద్దకోడలు సొరుగు మూసేసింది. భర్త ముఖం చూస్తే నవ్వే వేళ కాదని తెలుస్తూనే ఉంది.

"అమ్మా, చెప్పిందే చెప్పిస్తావెందుకు? ఈ ఆదివారం మా షెడ్డు గుంపు వాళ్ళందరూ మనింటికి వస్తున్నారు. మడతబల్ల చేశానని నెల నుంచీ ఊరిస్తున్నాను. అది బిగించడానికి ఉన్నది ఈ ఒక్క గోడే. ఇక్కడ కాకపోతే ఎక్కడ బిగించను, నా నెత్తి మీదా?"

"నెత్తి ఖాళీగానే ఉందిగా."

"అమ్మా."

"మీ గుంపులో ఆ పళ్ళ డాక్టరు దీన్ని పట్టుకుపోయి కుర్చీలు చేసుకుంటాడట. నన్ను కూడా ఒక కుర్చీ చేసుకోమను. బల్ల ఎటు పోతే నేనూ అటే."

భర్త స్పానర్ కింద పెట్టాడు. మళ్ళీ తీశాడు. "కుంటి బల్ల, అమ్మా ఇది. దీనికి ఇక్కడేం పని?"

అత్తగారు చెయ్యి చాపింది. బల్ల కోసిన అంచుని బొటనవేలితో ఆ చివర నుంచి ఈ చివరకి తడిమింది. ఎంత శుభ్రంగా కోశాడో, ఎక్కడా వేలికి పేడు తగలదు.

"ఈ ముక్క ఇక్కడ ఉన్నంతకాలం, ఆ ముక్కకి తిరిగి రావడానికి ఒక చోటుంటుంది. ఇది కూడా పోయిందనుకో, చిన్నోడు ఈ గుమ్మం ఎక్కడానికి ఇంకేం మిగిలిందిరా?"

"కోసుకుని పట్టుకుపోయింది వాడు."

"కోయమన్నది నువ్వు."

"అంటాను. కోపంలో సవాలక్ష అంటాను. కోయమంటే కోసేస్తాడా?"

"వాడూ అదే అంటాడు. నేను రంపం తెచ్చేదాకా చూస్తూ ఊరుకుంటాడా అని."

ఎవరూ పెద్దకోడలి వైపు చూడలేదు. మామగారు పోయాక అన్నదమ్ములిద్దరూ ఈ బల్ల నాదంటే నాదని పంతానికి పోయిన రోజున, కోసిన ముక్క పడి ఎవరి కాలు విరుగుతుందోనని రెండో చివర పట్టుకుని నిలబడింది ఆమే. ఆ మాట ఈ ఇంట్లో ఎవరూ ఎత్తరు. ఎత్తకపోవడం వల్ల అది ఎక్కడికీ పోలేదు కూడా.

"అన్నానికి రండి," అంది ఆమె.

"నాది ఇక్కడికే పంపు," అంది అత్తగారు.

* * *

వంటింట్లో భర్త తింటున్నాడు. ఎడమ చేతి పక్కన మంచినీళ్ళ చెంబుకి ఫోను ఆనించి ఉంది. వారంలో ఈ ఒక్కరోజూ ఆయన కళ్ళజోళ్ళ దుకాణానికి సెలవు. ఈ రోజంతా ఆ ఫోనులో 'ఆదివారం షెడ్డు' గుంపు గలగలలాడుతూనే ఉంటుంది.

అందులో అందరూ ఇంటి వెనక షెడ్డులోనో, మెట్ల కిందనో, కారు లేని గ్యారేజీలోనో ఏదో ఒకటి తమ చేత్తో చేసుకునేవాళ్ళే. చేసినదాని ఫోటో పెడతారు, పక్కవాళ్ళ ఫోటోకి వంక పెడతారు. నంబర్లు కనబడవు, పెట్టుకున్న పేర్లే కనబడతాయి. బస్సు నడిపే ఒకావిడ పాత పనిముట్లు తెచ్చి కొత్తవాటిలా తోముతుంది, ఆవిడ పేరు తుప్పు. పళ్ళ డాక్టరు ఎన్ని కుర్చీలు చేసినా ఒక కాలు నేలకి ఆనదు, ఆయన పేరు మూడుకాళ్ళు. భర్త కళ్ళజోళ్ళ అద్దాలు నూరే చేత్తో చెక్క కూడా అలాగే నూరతాడు కాబట్టి అరమిల్లీ అన్నారు. ఆ పేరు ఆయనకి లోపల ఎంత ఇష్టమో భార్యకి ఒక్కదానికే తెలుసు.

ఇక నాలుగోవాడు పొట్టు. రంపపు పొట్టు.

ఆ పొట్టు మీదే ఆమె ధ్యాసంతా. ఆయన వచ్చి కొద్ది నెలలే అయింది. ముఖం ఎప్పుడూ చూపించడు. చేతులు, చెక్క, అంతే. మిగతావాళ్ళు పది వాక్యాల్లో చెప్పేది రెండు ముక్కల్లో తేలుస్తాడు. మడతబల్ల కింద కాలు నిలవక ఈయన నిద్రపట్టక దొర్లుతుంటే, "కాలుది కాదు తప్పు, మడత బందులు తిరగేయండి" అని రాశాడు. తిరగేస్తే నిలబడింది. ఆ రోజు నుంచి ఇంట్లో రోజూ పొట్టు గారు ఇలా అన్నారు, పొట్టు గారు అలా అన్నారు.

"ఇంతకీ ఎవరాయన?" అంది పెద్దకోడలు, కూర వడ్డిస్తూ.

"ఎవరు?"

"మీ పొట్టు గారు."

"మనిషి."

"అది తెలుస్తోంది. ఏం చేస్తాడు?"

"చెక్కపని."

"ఉద్యోగమో, వ్యాపారమో? ఇల్లెక్కడ? పెళ్ళాం పిల్లలున్నారా?"

"నేను అడిగింది బందుల గురించి. పెళ్ళాం గురించి ఎందుకడుగుతాను?"

"ఇన్ని నెలల నుంచి రోజూ మాట్లాడుతున్నారు. నాతో కూడా అన్ని మాటలు మాట్లాడరు."

"నీకు బందుల గురించి తెలియదుగా," అన్నాడాయన, ఎంతో మామూలుగా.

చెంబు దగ్గర ఫోను మూలిగింది. ఆయన ముద్ద నోట్లో పెట్టుకుంటూనే అటు వంగాడు.

ఆ గుంపులో ఒక ఆట ఉంది. వారానికొకరు తాము చెడగొట్టిన పని ఒకటి ఫోటో తీసి పెట్టాలి. ఎలా చెడిందో చెప్పకూడదు. మిగతావాళ్ళు కనిపెట్టాలి. ఆ ఆట పేరు 'తప్పు పట్టండి'. ఈ వారం వంతు పొట్టుది.

ఫోటోలో ఒక బీరువా ఉంది. దాని తలుపు చక్కగా చిత్రిక పట్టి, మూలలు కలిపి, మెరుస్తోంది. కాని చట్రంలో నిలబెడితే కింద ఖాళీ మిగిలిపోయింది. తండ్రి చొక్కాకి కొడుకు లాగు తొడిగినట్టుంది.

ముందుగా మూడుకాళ్ళు రాశాడు: "చెక్క ఎండి కుంచించుకుపోయింది."

"అంత కుంచించుకుపోవడానికి అది చెక్కా, ఉతికిన స్వెట్టరా?" అని తుప్పు. "వేరే బీరువా తలుపు దీనికి పెట్టి ఉంటారు. నా ఓటు దానికే."

భర్త ఫోటో చూసి, మొదట పెదవుల్లో, తరవాత గొంతులో నవ్వాడు. పొద్దున్నుంచి ఆ ఇంట్లో అదే మొదటి నవ్వు. పొలమారింది. చెంబు ఎత్తి నీళ్ళు తాగి, ఎడమ చేత్తోనే టకటకా రాశాడు.

"ఏం రాశారు?"

"పది తీయడం మరిచిపోయాడు."

"అంటే?"

"టేపు మొదలు అరిగిపోతుంది కదా. అందుకని సున్నా దగ్గర పట్టుకోం. పది గీత దగ్గర పట్టుకుని కొలుస్తాం. వచ్చిన అంకెలోంచి పది తీసేస్తాం. ఈయన బీరువా మామూలుగా కొలిచి, చెక్క కోసేటప్పుడు పది దగ్గర నుంచి పట్టాడు. కలపాల్సిన పది కలపలేదు, దాన్నీ మేం పది తీయడం మరవడమనే అంటాం. తలుపు పది సెంటీమీటర్లు పొట్టిదయింది. ఇంత పనివాడు, చూడు, చిన్నపిల్లాడి పొరపాటు."

ఆమెకి లెక్క అర్థమైంది. ల్యాబ్‌లో ఆమె కూడా ఖాళీ గిన్నె బరువు తీసేసి గాని లోపలి మందు బరువు రాయదు.

ఫోను వరసగా మూలిగింది. "పది తీయడమా? అదెక్కడి పద్ధతండీ?" అని తుప్పు. "నా టేపు పాడైతే కొత్తది కొంటాను, అంతే," అని మూడుకాళ్ళు. ఇంకెవరో, "మా ఆయన ఒకటి దగ్గర నుంచి కొలుస్తాడు. పది దగ్గర నుంచి కొలిచేవాళ్ళని ఇప్పుడే వింటున్నాను."

వాటన్నిటి కింద పొట్టు జవాబు వచ్చింది.

"అరమిల్లీ గారిదే సరైన జవాబు. ఆయనకి తప్ప ఇంకెవరికీ తెలియదనుకున్నాను."

భర్త చేతిలో ముద్ద చేతిలోనే ఆగింది.

ఆయన ఆ రెండు వాక్యాలని చదివాడు. ఫోటో మళ్ళీ పెద్దది చేసి చూశాడు. ఆయన ముఖంలోంచి నవ్వు నెమ్మదిగా దిగిపోవడం పెద్దకోడలు చూస్తూ ఉండిపోయింది. కంచంలో చెయ్యి కడిగేశాడు. అన్నం సగం అలాగే ఉంది.

"ఏమైందండీ?"

"ఏం కాలేదు."

"ఏం కాకపోతే అన్నం..."

"ఏం కాలేదన్నానా."

లేచి వరండాలోకి వెళ్ళాడు. ఆయన ఫోనులో మాట్లాడుతున్న గొంతు లోపలికి వినబడింది. "డాక్టరు గారూ, రేపు వద్దు. ఈరోజే తీసుకుపోండి. ఆఁ, ఇప్పుడే. వ్యాను దొరికితే ఇప్పుడే. ఎంత తొందరగా పోతే అంత మంచిది."

* * *

ఆమె రోజంతా రక్తపు చుక్కలని మైక్రోస్కోపు కింద పెట్టి చూసే మనిషి. ఫోటోని ఎలా చూడాలో ఆమెకి ఎవరూ నేర్పక్కర్లేదు. తన ఫోనులో కూడా ఆ గుంపు ఉంది. చేరడమే గాని ఎప్పుడూ ఒక్క మాటా రాయలేదు, అన్నీ చదువుతుంది.

తలుపు ఫోటోని వేళ్ళతో లాగి పెద్దది చేసింది. బీరువా వెనక, నీడలో, ఒక బల్ల చివర కనిపిస్తోంది. బల్లకి ఇటు పక్క రెండు కాళ్ళు. అటు పక్క గోడ.

పాత ఫోటోలు వెనక్కి తిప్పింది. పోయిన వారం భర్త పెట్టిన ఫోటో దగ్గర ఆగింది. గ్యారేజీలోని సగం బల్ల, కోసిన అంచు వెలుతురులోకి ఉండేలా తీసినది. "ఉచితం. కావలసినవారు తీసుకువెళ్ళవచ్చు." దాని కింద అందరూ ఏదో ఒకటి రాశారు. పొట్టు ఒక్కడే ఏమీ రాయలేదు. ఆ తరవాత ఆయన మొదటిసారి నోరు విప్పింది ఇదిగో, ఈ తలుపుతోనే.

ఆమె అత్తగారి అన్నం గిన్నె తీసుకుని గ్యారేజీలోకి దిగింది.

"అత్తయ్యా, కళ్ళజోడు పెట్టుకోండి."

"అన్నం తినడానికి కళ్ళజోడెందుకే?"

"పెట్టుకోండి, చెప్తాను."

అత్తగారు సొరుగులోంచి కళ్ళజోడు తీసి, చీరచెంగుతో తుడిచి, పెట్టుకుంది. కోడలు ఫోను పట్టుకుంది. ముసలావిడ చాలాసేపు చూసింది. ఫోటోలో తలుపుని చూసిందా, వెనక బల్లని చూసిందా, తెలియలేదు.

"ఎంత పొట్టిదయింది?" అంది చివరికి.

"పది. ఆయన చూడగానే చెప్పేశారు. పది తీయడం మరిచాడని."

"చెప్తాడు. చెప్పకేం." అత్తగారు ఫోను తిరిగి ఇచ్చేసి, అన్నం గిన్నె దగ్గరకి లాక్కుంది. "మీ మామగారి టేపు చూశావుగా, ఆ మేకుకి వేలాడేది."

చూసింది. పెళ్ళై వచ్చిన దగ్గర నుంచీ చూస్తూనే ఉంది.

"ఒకరోజు షట్టర్ దించుతుంటే టేపు ముందు ముక్క దాని కింద పడి తెగిపోయింది. తొమ్మిది దాకా పోయింది. ఇంకోటి కొనుక్కోవయ్యా అంటే, పది నుంచి వంద దాకా బాగానే ఉందిగా, ఆ మాత్రం తీసివేతలు రావా నాకు, అన్నాడు. బడిలో గంట కొట్టే ఉద్యోగం ఆయనది. పిల్లలకి లెక్కలు చెప్పే పంతుళ్ళ కంటే తనకే లెక్కలు బాగా వచ్చని ఆయన నమ్మకం. కొడుకులిద్దరికీ ఆ టేపుతోనే పని నేర్పాడు. వాళ్ళకి పది దగ్గరే మొదలు. కొత్త టేపు ఇచ్చినా పది దగ్గరే పట్టుకుంటారు."

"అయితే పొట్టు గారు..."

"ఇప్పుడు నా మాట పూర్తిగా విను." ముసలావిడ ముద్ద కలుపుతూ ఆగింది. "చిన్నోడు పది తీయడం ఎప్పుడూ మరవలేదు. ఒక్కసారి కూడా. మరిచేది మీ ఆయనే."

కోడలు బల్ల మీద చెయ్యి ఆనించింది.

"వంటింటి బీరువా తలుపు కింద అతుకుంది చూడు."

"అది డిజైను కాదా?"

"డిజైనా." అత్తగారు నవ్వింది. "అది పెద్దోడి పని. బడి సెలవుల్లో, నాన్న వచ్చేలోగా చేసి చూపిద్దామని కోశాడు. పొట్టిదయింది. మీ మామగారు వచ్చి చూసి, ఎవడ్రా కొలిచింది, అన్నాడు. మంచి చెక్క అది, ఎక్కడెక్కడో తిరిగి తెచ్చుకున్నాడు. పెద్దోడు గోడకి అంటుకుపోయాడు. చిన్నోడు ముందుకొచ్చి, నేనే నాన్నా, పది మరిచిపోయాను, అన్నాడు. చెంప పగిలింది."

"ఆయన చెప్పలేదా, నేనని?"

"చెప్తే ఈ కథ నీకు మీ ఆయనే చెప్పేవాడు కదే."

ఆమె వంటింట్లోకి వెళ్ళింది. బీరువా ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. తలుపు అడుగున అడ్డంగా వేరే రంగు చెక్క పట్టీ. రోజుకి ఎన్నిసార్లు దాన్ని తుడిచిందో. కుట్టుపెట్టెలోంచి టేపు తెచ్చి కొలిచింది. సున్నా దగ్గర నుంచే.

పది.

అయితే మరిది మరిచిపోలేదు. మంచి చెక్క తీసుకుని, ఒళ్ళు దగ్గర పెట్టుకుని, కావాలనే పొట్టిగా కోసిన తలుపు అది. దాన్ని పట్టుకుని ఇన్నేళ్ళకి అన్న తలుపు తట్టాడు. తట్టింది ఎవరో ఆయనకి తెలిసింది. తెలిసే, ఉన్న ఆ ఒక్క ముక్కనీ ఇవాళే పంపించేస్తున్నాడు.

ఎందుకు? కోపమా? ఇన్ని నెలలూ గారూ గారూ అని సలహాలు అడిగింది వాడినా అన్న రోషమా? లేక ఆ చెంపదెబ్బా? ఎంత ఆలోచించినా ఆమెకి అంతుపట్టలేదు.

వరండాలోకి వెళ్ళింది. ఆయన మెట్టు మీద కూర్చుని స్పానర్‌ని గుడ్డతో తుడుస్తున్నాడు. తుడవడానికి దాని మీద ఏమీ లేదు.

"బల్ల ఆదివారం దాకా ఉండనివ్వండి," అంది.

"అమ్మ చెప్పిందా?"

"అత్తయ్య ఏం చెప్పినా, అడుగుతున్నది నేను. ఆ రోజు రెండో చివర పట్టుకున్నది నేను. అప్పుడే వదిలేసి ఉంటే బల్ల పడేది, రంపం ఆగేది. ఇవాళ మాత్రం నేను పట్టుకోను. మీరూ డాక్టరు గారూ మోసుకోండి."

ఆయన తల ఎత్తి ఆమె వైపు చూశాడు. ఏదో అనబోయాడు. వీధిలో వ్యాను హారను మోగింది.

* * *

పళ్ళ డాక్టరు చేతులకి మందపాటి తొడుగులు వేసుకుని, ఎంతో ఉత్సాహంగా గ్యారేజీలోకి వచ్చాడు. రోగి నోట్లోకి చూసినట్టు బల్ల కిందికి తొంగి చూశాడు.

"అబ్బ, ఏం చెక్కండీ. దీనితో చేసిన కుర్చీ నాలుగు కాళ్ళ మీదా నిలబడి తీరుతుంది."

"ముందు నన్ను పక్కన పెట్టండి," అంది అత్తగారు, కుర్చీలోంచి కదలకుండా.

డాక్టరు అప్పుడే ఆవిడని గమనించాడు. "అమ్మగారు కూడా... బల్లతోపాటేనా?"

"ఉచితమన్నాడుగా మా వాడు. నన్ను కూడా కలిపే ఇచ్చాడేమో అడగండి."

డాక్టరు అరమిల్లీ వైపు చూశాడు. అరమిల్లీ గోడ వైపు చూస్తున్నాడు. పెద్దకోడలు షట్టర్ పక్కన చేతులు కట్టుకుని నిలబడింది. ఎవరూ సాయం చేసేలా లేరని డాక్టరుకి కొంచెం కొంచెంగా తెలిసింది.

"నేను మళ్ళీ రానా?" అన్నాడు నీళ్ళు నములుతూ.

"వద్దు. వచ్చారుగా, తీసుకుపోండి," అన్నాడు భర్త. రెండో బ్రాకెట్టు దగ్గర వంగి, మొదటి బోల్టుకి స్పానర్ తగిలించాడు. సగం తిప్పు తిప్పాడు. బల్ల కిర్రుమంది. అత్తగారు మోచేతులు తీయలేదు.

"ఆగండాగండి," అన్నాడు డాక్టరు, జేబులోంచి ఫోను తీస్తూ. "మరిచేపోయాను. మన పొట్టు గారు నాకు విడిగా రాశారు. తీసుకెళ్ళే ముందు కోసిన అంచు వెడల్పు ఎంతుందో కొలిచి పంపమన్నారు. అదీ..." కళ్ళు చికిలించి చదివాడు. "'అరమిల్లీ గారి చేతే కొలిపించండి. మీరు కొలవకండి.' నా కొలతల మీద ఆయనకి ఎంత నమ్మకమో చూడండి."

స్పానర్ ఆగింది.

రెండో ముక్క తన దగ్గరే పెట్టుకున్నవాడికి ఈ ముక్క వెడల్పు తెలియదా? పెద్దకోడలు అత్తగారి వైపు చూసింది. అత్తగారు రేడియో మీటని ఊరికే అటూ ఇటూ తిప్పుతోంది.

భర్త నిటారుగా లేచాడు. చొక్కా జేబులో ఎప్పుడూ ఉండే కొత్త టేపు మీదకి చెయ్యి పోయింది. అక్కడే కాసేపు ఉండిపోయింది. తరవాత ఆయన రెండడుగులు వేసి, మేకుకి వేలాడుతున్న పాత టేపు దించాడు. ఊదితే దుమ్ము లేచింది. ముందు అంకెలు లేని ఆ చివరని పట్టుకుని బల్ల దగ్గరకి వచ్చాడు.

"అమ్మా, పట్టుకో."

అత్తగారు అడగలేదు, ఎక్కడ అని. పది గీతని బల్ల అంచుకి సరిగ్గా ఆనించి, బొటనవేలితో అదిమి పట్టింది. భర్త టేపు లాగాడు. అవతలి అంచు దగ్గర వంగి, అద్దాలు చూసే కళ్ళతో అంకె చూశాడు.

"డెబ్బై రెండు," అన్నాడు.

పెద్దకోడలు నోరు తెరిచింది. అరవై రెండు. ఆ బల్ల వెడల్పు ఆమెకి తెలుసు, దాని మీద పరిచే గుడ్డ కుట్టింది ఆమే. అత్తగారి రెండో చెయ్యి వచ్చి ఆమె మణికట్టు పట్టుకుంది. గట్టిగా.

"డెబ్బై... రెండు," అని డాక్టరు రాసి పంపేశాడు. "ఇక మోద్దామా? నేను ఇటు, మీరు అటు..."

ఫోను అప్పుడే మూలిగింది. అవతల మనిషి చేతిలో పెట్టుకుని కూర్చున్నట్టు.

డాక్టరు చదివాడు. ముఖం చిట్లించాడు. ఇంకోసారి చదివాడు.

"'పది తీసేశారా?' అంటున్నారు. ఏమిటండీ ఈ పది గోల? ఇందాకటి నుంచీ ఇదే."

వ్యాను ఇంజను బయట ఊరికే తిరుగుతోంది. టేపు తల్లి వేలికీ కొడుకు వేలికీ మధ్య బిగిసి ఉంది. ఆయన వదిలితే అది చుట్టుకుపోతుంది. ఆయన వదల్లేదు.

తప్పు లెక్క ఆయన మరిచి చెప్పాడో, తెలిసే చెప్పాడో పెద్దకోడలు ఆ ముఖం చూసి పోల్చుకోలేకపోయింది. ఆ ముఖం తిరిగి ఉన్నది వంటింటి వైపు.

"ఏం రాయమంటారు?" అన్నాడు డాక్టరు.

భర్త వేలు టేపు మీదే ఉంది.

"ఏం రాయమంటారండీ? అవతల చూస్తున్నారు."

భర్త టేపుని నెమ్మదిగా, చప్పుడు కాకుండా, చుట్టుకోనిచ్చాడు. తొడుగు వేసుకున్న డాక్టరు చేతి ముందుకి తన చెయ్యి చాపాడు.

"ఇలా ఇవ్వండి. నేనే రాస్తాను."

ఫోను అందుకుని వెలుతురులోకి జరిగాడు. వేలు అక్షరాల మీద అటూ ఇటూ తిరిగింది. ఏదో రాశాడు, చెరిపేశాడు. మళ్ళీ రాశాడు.

"పెద్దోడా," అంది అత్తగారు వెనక నుంచి. "చివర 'గారు' మాత్రం పెట్టకు."

ఆయన వీపు కదిలింది. నవ్వో, ఇంకోటో. రాసింది మొత్తం చెరిపేసి మొదటి నుంచి మొదలుపెట్టాడు.

పెద్దకోడలు ఇక ఆగలేకపోయింది. మునివేళ్ళ మీద లేచి, ఆయన భుజం మీదుగా తొంగి చూసింది. ఫోను మీద ఒక్క మాటే ఉంది.

"ఒరేయ్."

దాన్ని పంపే బొమ్మ మీద ఆయన బొటనవేలు గాలిలో నిలిచి ఉంది.